మీసాలు రాలని ముసలి టైరు: ఒక టైర్ల దుకాణంలో చేయించిన తనిఖీ

సెకండ్ హ్యాండ్‌లో కొన్న నా మహీంద్రా థార్‌ను మారేడుమిల్లి దగ్గరి గుడిస కొండ ఎక్కించే ముందు, దాని ఐదు టైర్లనూ ఈ దుకాణంలో తనిఖీ చేయించాను. రాజమహేంద్రవరంలో టైర్లు అమ్మే దుకాణాలకు కొదవ లేదు కానీ, టైరును చూసి చెప్పడానికే విడిగా రుసుము తీసుకునే దుకాణం నాకు ఇదొక్కటే కనిపించింది. బండికి 300 రూపాయలు తీసుకుంటారు. టైర్లు అక్కడే కొంటే ఆ మొత్తాన్ని బిల్లులో తగ్గిస్తారు. ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. ఆ తగ్గిన నక్షత్రం సంగతి కూడా దాచకుండా రాస్తాను కానీ, ముందుగా ఆ నాలుగూ ఎందుకు ఇచ్చానో చెప్పాలి.

బండి 2014 నాటి సీఆర్‌డీఈ (డీజిల్ ఇంజను రకం) థార్. టైరు కొలత 235/70 ఆర్ 16. అమ్మిన వ్యాపారి టైర్లు ఎనభై శాతం ఉన్నాయని, స్టెప్నీ అయితే ఒక్కసారి కూడా నేల తాకలేదని చెప్పారు. నేనూ చూసుకున్నాను. ఐదు టైర్లూ నల్లగా నిగనిగలాడుతున్నాయి, గాడులు లోతుగా ఉన్నాయి, వెనక తలుపుకు తగిలించిన స్టెప్నీకి అచ్చులోంచి వచ్చినప్పటి సన్నటి రబ్బరు మీసాలు కూడా ఇంకా రాలలేదు. ఇంజను, గేర్‌బాక్సు, ఛాసిస్ తుప్పు అన్నీ ఒక మెకానిక్‌కు చూపించిన నేను, టైర్ల విషయంలో మాత్రం నా కళ్లనే నమ్ముకున్నాను. బండి కొనేటప్పుడు చాలామంది చేసే పొరపాటే ఇది.

దుకాణంలో తనిఖీ చేసేది ఒక పెద్ద మేస్త్రి గారు. బండి దిగగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "పొద్దున్న బండి తియ్యకముందు గాలి చూశారాండి?" అని. చూడలేదని చెప్పాను. మా ఇంటి నుంచి దుకాణానికి తొమ్మిది కిలోమీటర్లు. ఆయన గేజి పెట్టి చూసి, ముందు టైర్లలో 47 పీఎస్‌ఐ (గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం) ఉందని చెప్పి, ఆ అంకెను కాగితం మీద రాయనైనా రాయలేదు. "ఇది పరిగెత్తుకొచ్చినోడి నాడండి. కాస్త చల్లారనివ్వండి" అన్నారు. టైరు తిరిగేటప్పుడు దాని పక్కగోడ వంగుతూ లేస్తూ ఉండటం వల్ల రబ్బరు వేడెక్కి, లోపలి గాలి పీడనం పెరుగుతుంది. అందుకే బండిని కనీసం మూడు గంటలు నిలిపి ఉంచిన తర్వాతనో, ఒకటి రెండు కిలోమీటర్లకు మించి నడపకముందో చూసిన అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. బండిని షెడ్డు నీడలో పెట్టించి, ఆ మూడు గంటల్లో మిగిలిన తనిఖీ మొదలుపెట్టారు. బండికి దొరికిన నీడ మనిషికి దొరకదు. అక్కడ ఒక్క ప్లాస్టిక్ కుర్చీ తప్ప కూర్చునే ఏర్పాటు లేదు, అందులో అప్పటికే వేరొకరు కూర్చుని ఉన్నారు.

మొదట స్టెప్నీ దింపారు. మేస్త్రి గారు తడిగుడ్డతో పక్కగోడ మీది పాలిష్ తుడిచి, డాట్ అనే మూడు ఆంగ్ల అక్షరాలతో మొదలయ్యే వరుసను వెతికి, దాని చివర కోడిగుడ్డు ఆకారపు గడిలో ఉన్న నాలుగంకెలను నాకు చూపించారు. 1914. మొదటి రెండంకెలు వారం, తర్వాతి రెండంకెలు సంవత్సరం. అంటే 2014లో 19వ వారం, మే నెల. బండితో పాటు పుట్టిన టైరన్నమాట. నేను తీసుకెళ్లింది 2024 కార్తీక మాసంలో కాబట్టి దాని వయసు పదేళ్లు దాటింది. నేల తాకలేదని వ్యాపారి చెప్పిన మాట నిజమే కానీ, ఆ పదేళ్లూ అది వెనక తలుపు మీద వేలాడుతూ గోదావరి జిల్లాల ఎండను నెత్తిన మోసింది. మేస్త్రి గారు రెండు బొటనవేళ్లతో గాడిని పక్కలకు విడదీసి పట్టుకున్నప్పుడు, అంతవరకు నున్నగా కనిపించిన రబ్బరు అడుగున, నీరింకిన చెరువులో నెర్రెలు విచ్చినట్టు, వెంట్రుక మందం పగుళ్లు వరుసగా తెరుచుకున్నాయి. వేళ్లు తీయగానే మళ్లీ మూసుకుపోయాయి. ఆ పగుళ్ల పక్కనే మీసాలు మాత్రం చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నాయి.

వాడని టైరు పాడవదని నేను అనుకునేవాణ్ణి. నిజానికి రబ్బరును ఓజోను నుంచి, ఎండ నుంచి కాపాడటానికి తయారీలోనే కొన్ని రసాయనాలు, మైనం కలుపుతారు. టైరు తిరుగుతూ వంగుతూ ఉంటే అవి లోపలి నుంచి ఉపరితలానికి చేరి పలుచటి పొరలా రక్షిస్తాయి. కదలకుండా వేలాడే టైరులో ఆ రాకపోకలు సరిగ్గా జరగవు కాబట్టి, నడిచిన టైరు కంటే నడవని టైరే ఒక్కోసారి ముందుగా పగుళ్లిస్తుంది. అయిదేళ్లు దాటిన టైరును ఏటా నిపుణులకు చూపించాలని, గాడులు ఎంత లోతుగా ఉన్నా, స్టెప్నీ అయినా సరే, పదేళ్లకు తీసేయాలని పేరున్న టైరు కంపెనీలే చెబుతాయి. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్లకే మార్చమంటాయి. దసరాకు నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించే మనం, ఆ అయిదోదానికి కుంకుమ బొట్టు పెట్టి ఊరుకుంటాం. అడవి మధ్యలో అవసరం పడితే అక్కరకు రావలసింది అదే.

తర్వాత వెనక టైర్లు. వీటి తేదీ ఉన్న వైపు లోపలికి పెట్టి బిగించారు. పూర్తి కోడు సాధారణంగా ఒక పక్కగోడ మీదే ఉంటుంది కాబట్టి, బయటి వైపు మాత్రమే చూసేవారికి తేదీ లేదనిపిస్తుంది. వెనక టైర్ల తేదీ తెలుసుకోవడానికి మేస్త్రి గారి దగ్గర పనిచేసే కుర్రాడు అట్టముక్క పరుచుకుని బండి కిందికి దూరి, సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకొచ్చాడు. రెండింటి మీదా 0817 అనే ఉంది, అంటే 2017 ఫిబ్రవరి. ఏడేళ్ల టైర్లు. కానీ గాడి లోతు కొలిచే గేజి పెడితే దాదాపు 6 మిల్లీమీటర్లు చూపించింది. నేను కాస్త ఊరట పడబోయాను.

మేస్త్రి గారు మాత్రం పడలేదు. టైరు భుజం మీద టీడబ్ల్యూఐ అని చిన్న అక్షరాలు ఉంటాయి. అవి చూపించే చోట గాడి అడుగున 1.6 మిల్లీమీటర్ల ఎత్తున రబ్బరు గట్టు ఒకటి అడ్డంగా ఉండాలి. పైరబ్బరు ఆ గట్టుకు సమానంగా అరిగిన రోజు టైరు మార్చాలి. మన మోటారు వాహనాల నిబంధనలు కార్లకు, జీపులకు పెట్టిన కనీస లోతు కూడా అంతే. ఆ అక్షరాల నుంచి వేలిని లోపలికి జరుపుకుంటూ వెళ్లి చూడమన్నారు. పక్క గాడుల్లో గట్టు తగిలింది, మధ్య రెండు గాడుల్లో తగల్లేదు. టార్చి వేసి చూపిస్తే విషయం తెలిసింది. పక్క గాడి అడుగు అచ్చులోంచి వచ్చినట్టు నున్నగా మెరుస్తోంది. మధ్య గాడి అడుగున దుక్కి చాళ్లలా సన్నటి గీతలు ఉన్నాయి. అరిగిపోయిన టైరుకు వేడి కత్తితో గాడులు మళ్లీ కోశారు. "ఇది టైరు కాదండి బాబూ, టైరు ఫొటో" అన్నారు ఆయన.

ఇలా గాడులు కోయడం లారీ టైర్లకు చేస్తారు. వాటికి ఆ పని కోసమే అడుగున అదనపు రబ్బరు ఇచ్చి, మళ్లీ గాడులు కోయవచ్చని పక్కగోడ మీద ముద్రిస్తారు. ఆ ముద్ర లేని జీపు టైరుకు కోస్తే, లోపలి ఉక్కు తీగల బెల్టును కాపాడవలసిన పలుచటి పొర కూడా పోతుంది. ఆ తర్వాత ఒక్క వాడి రాయి దిగితే చాలు, నీరు తీగల దాకా చేరి తుప్పు పట్టి, బెల్టు రబ్బరు నుంచి విడిపోవడం మొదలవుతుంది. ఘాట్ రోడ్డు మలుపులో అది జరిగితే ఏమవుతుందో ఊహించుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. ఈ మోసం వ్యాపారి చేశాడో, ఆయనకు అమ్మినవాళ్లు చేశారో నేను తేల్చలేను. పాలిష్ పూసింది మాత్రం ఆయనే.

ముందు టైర్ల దగ్గరకు వచ్చేసరికి అయిదూ మార్చమంటారని నేను సిద్ధపడి ఉన్నాను. రెండింటి మీదా 3521 ఉంది, అంటే 2021 ఆగస్టు, సెప్టెంబరుల మధ్య తయారైనవి. భుజాల దగ్గర 7 మిల్లీమీటర్లు, నడుమ 5.5 వచ్చింది. నడుమ ఎక్కువ అరిగితే గాలి ఎక్కువగా ఉన్నట్టు, రెండు అంచులూ అరిగితే తక్కువగా ఉన్నట్టు, ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ తప్పినట్టు, పళ్లెంలా అక్కడక్కడ గుంటలు పడితే షాక్ అబ్జార్బర్లో బ్యాలెన్సింగో చూసుకోవాలని ఆయన గుక్క తిప్పుకోకుండా చెప్పేశారు. పక్కగోడలను లోపలి వైపు, బయటి వైపు అరచేత్తో మెల్లగా నిమిరి చూశారు. అక్కడ ఉబ్బు ఉంటే లోపలి దారాలు తెగినట్టే, దాన్ని ఎవరూ బాగుచేయలేరు. మా వాటికి ఉబ్బులు లేవు. ఒకదానిలో ఎప్పుడో పంచరు పడితే బయటి నుంచి రబ్బరు పుల్ల తోసి వదిలేశారు. చల్లారిన గాలి కొలవడం అయ్యాక దాన్ని విప్పి, లోపలి నుంచి పుట్టగొడుగు ఆకారపు ప్యాచి వేశారు. "ఈ రెండూ ఉంచుకోండి, ఇంకా చాలా దూరం నడుస్తాయి" అని మేస్త్రి గారు చెప్పినప్పుడే ఈ దుకాణం మీద నాకు నమ్మకం కుదిరింది. ఆ క్షణంలో అయిదు టైర్లు అమ్మినా నేను కాదనే స్థితిలో లేను.

వాల్వుల మీద సబ్బునురగ వేస్తే ఒకదాని మొదట్లో ఆవగింజంత బుడగలు నిదానంగా పొంగాయి. టైరుతో పాటు వాల్వు రబ్బరూ ముసలిదవుతుందని, టైరు మార్చినప్పుడల్లా దాన్నీ మార్చాలని చెప్పి, గాలి కొలవడం అయ్యాక అయిదూ మార్చారు.

ఇంతలో మూడు గంటలు గడిచాయి. ముందు టైర్లను మళ్లీ కొలిస్తే 43 వచ్చింది. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో మేస్త్రి గారు టైరు మీదే చూపించారు. పక్కగోడ మీద గరిష్ఠ పీడనం 44 పీఎస్‌ఐ అని ముద్రించి ఉంది. నాకంటే ముందు యజమాని దాన్నే కొట్టించాల్సిన అంకెగా భావించి ఏళ్ల తరబడి నింపించి ఉండాలి. పక్కగోడ మీది అంకె ఆ టైరు భరించగల హద్దు మాత్రమే. ఎంత గాలి కొట్టాలన్నది బండి బరువును బట్టి బండి కంపెనీ నిర్ణయిస్తుంది, దాన్ని డ్రైవరు తలుపు స్తంభం మీది స్టిక్కరులోనో యజమాని పుస్తకంలోనో రాస్తుంది. నా బండి స్తంభానికి ఎవరో రంగు వేయించడంతో స్టిక్కరు పోయింది. పుస్తకం తెరిచి చూస్తే, మేము మోస్తున్న గాలి కంపెనీ చెప్పినదానికంటే పది పీఎస్‌ఐకి పైగా ఎక్కువని తేలింది. కొన్నప్పటి నుంచి బండి గతుకుల్లో కుప్పిగంతులు వేస్తుంటే లీఫ్ స్ప్రింగుల మీద నేరం మోపుతూ వచ్చాను.

ఇక ఆ తగ్గిన నక్షత్రం. వెనకకు రెండు, స్టెప్నీకి ఒకటి, మొత్తం మూడు కొత్త టైర్లు, ముందువాటి కంపెనీవి, అదే రకానివి తీసుకున్నాను. బండి ఫోర్ వీల్ డ్రైవ్ కాబట్టి ముందు వెనకల చుట్టుకొలతలో పెద్ద తేడా ఉండకూడదు. ఇప్పుడున్న కొద్దిపాటి తేడాను మట్టి, ఇసుక మీద చక్రాలు జారడమే సర్దేస్తుందని, తారు రోడ్డు మీద మాత్రం నాలుగు చక్రాల గేరు వేయవద్దని మేస్త్రి గారు హెచ్చరించారు. కౌంటరు దగ్గర వచ్చిన టైర్లు మూడింటిలో రెండింటి మీద 3024 ఉంది, మూడోదాని మీద 2823. అంటే ఒకటి మిగతా వాటికంటే ఏడాది పెద్దది. చీకటి గోదాములో నిలబెట్టి ఉంచిన ఏడాది టైరు ఎండలో వేలాడిన ఏడాది టైరులా పాడైపోదు, ఆ మాట నిజమే. కానీ తేదీ చూడటం నేర్పిన దుకాణమే తేదీ చెప్పకుండా అదే ధరకు ఇవ్వజూపడం నాకు నచ్చలేదు. అడిగితే మారు మాట్లాడకుండా మార్చారు. ఒక్కో టైరు మీద లోడు సూచిక 106, అంటే 950 కిలోల బరువు, ఐఎస్‌ఐ గుర్తు ఉన్నాయని చూసుకుని, టైర్ల సీరియల్ నంబర్లు రాసిన జీఎస్టీ బిల్లు తీసుకున్నాను.

మరో లోపం, బిగించే కుర్రాళ్లది. నట్లను గాలి గన్నుతో గట్టిగా కొట్టి వదిలేశారు. టార్కు రెంచి (నట్టును ఎంత బలంతో బిగించాలో కొలిచి బిగించే పానా) గోడకు తగిలించి ఉంది కానీ దాని మీద దుమ్ము తుడిచినవారు లేరు. దారి మధ్యలో చక్రం మార్చాల్సి వస్తే బండితో ఇచ్చిన పానాతో ఆ నట్లు ఊడవు. నేను పట్టుబట్టి అన్నీ వదులు చేయించి, రెంచితో మళ్లీ బిగించమన్నాను. గాలి కొట్టే కుర్రాడు కూడా అలవాటు చొప్పున అన్నింటికీ 40 దాకా పోసేశాడు, మేస్త్రి గారు వచ్చి తగ్గించారు. అక్కడి కంప్రెసరు మీటరుకూ మేస్త్రి గారి జేబులోని గేజికీ 3 పీఎస్‌ఐ తేడా ఉంది, జేబులోదాన్నే నమ్మమన్నారు. ఆ తర్వాత నేను అలాంటి గేజి ఒకటి కొనుక్కుని బండిలో పెట్టుకున్నాను. ఏ గేజి అయినా ఒకటి రెండు తప్పు చూపించవచ్చు, కానీ ఎప్పుడూ ఒకే గేజి వాడితే మార్పు ఎంతో తెలుస్తుంది. నైట్రోజన్ గాలి బోర్డు కూడా ఉంది. మామూలు గాలిలోనే నూటికి 78 పాళ్లు నైట్రోజన్ కదా అని నేను మామూలు గాలితోనే సరిపెట్టుకున్నాను, వాళ్లూ బలవంతం చేయలేదు.

తనిఖీ ఎంత పనికొచ్చిందో కొండ మీదనే తేలుతుంది కాబట్టి ఆ సంగతి రెండు మాటల్లో రాస్తాను. మధ్యాహ్నం ఇంటి దగ్గర 30 డిగ్రీల వేడిలో, బండి నిండా సామాను, మనుషులు ఉంటారని పుస్తకం చెప్పిన ప్రకారం 32 పెట్టుకుని, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి చేరాం. తెల్లవారుజామున గేజి పెడితే నాలుగింటిలోనూ 29 ఉంది. మేస్త్రి గారు ముందే చెప్పి ఉండకపోతే కొత్త వాల్వులు నాలుగూ కారుతున్నాయని కంగారుపడేవాణ్ణి. చలి వల్ల గాలి పీడనం దాదాపు ప్రతి ఐదున్నర డిగ్రీలకు ఒక పీఎస్‌ఐ చొప్పున తగ్గుతుంది, ఆ ఉదయం మారేడుమిల్లిలో 14 డిగ్రీలు.

గుడిస దారిలో తారు అయిపోయిన చోట ఆగి, వాల్వు పిన్ను నొక్కి ఒక్కో టైరునూ 22కు దింపాం. గాలి తగ్గితే టైరు నేలను తాకే జాగా పొడవునా పెరిగి, రాళ్లను గుద్దుకోకుండా వాటి మీద ఒదిగిపోతూ నడుస్తుంది. రాత్రి మంచుకు తడిసిన ఎర్రమట్టి మీద ఆ తేడా స్టీరింగు దగ్గరే తెలిసింది. అంతకంటే తగ్గించవద్దన్నది ఆయన సలహా. గోదావరి ఇసుక తిన్నెల మీద అయితే 16, 18 దాకా దించవచ్చు గానీ, రాళ్ల దారిలో అంత తగ్గిస్తే మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి జారిపోయే ప్రమాదం, పక్కగోడ రాయికీ రిమ్ముకూ నడుమ నలిగే ప్రమాదం ఉన్నాయి. తగ్గించిన గాలితో వేగంగా పోకూడదు, తారు ఎక్కే ముందు మళ్లీ నింపాలి. మా చిన్న కంప్రెసరు ఒక్కో టైరుకు ఐదు నిమిషాలు తీసుకుంది. దాన్ని సిగరెట్ లైటరు సాకెట్టుకు కాకుండా నేరుగా బ్యాటరీకి తగిలించాం, లేకపోతే ఫ్యూజు పోయే అవకాశం ఉంది. దిగి వచ్చాక నాలుగు టైర్లనూ చేత్తో తడిమి చూశాను. ఒక భుజం మీద రాయి గీసిన గీత తప్ప ఏమీ లేదు. ఆ గీత కత్తి కోసిన పాత టైరు మీద పడి ఉంటే ఏం జరిగేదో తెలియదు.

పాత స్టెప్నీని ఏం చేయమంటారని బిల్లు కట్టేటప్పుడు అడిగారు. వదిలేస్తానంటే, మేస్త్రి గారు నా ఎదురుగానే పక్కగోడలో జానెడు పొడవున కత్తి దింపి కోసి పక్కన పడేశారు. అలా చేయకపోతే అది పాలిష్ పూసుకుని ఇంకో బండి వెనకకు ఎక్కుతుందని ఆయన అనుభవం. గాడులు కోసిన ఆ రెండింటికీ అదే గతి పట్టింది.

ఇక్కడికి వెళ్లదలచినవారు ఉదయమే వెళ్లండి, మధ్యాహ్నం నుంచి లారీల రద్దీ ఉంటుంది. ఇంటి దగ్గర బండి తీయకముందే స్టెప్నీతో సహా ఐదు టైర్ల గాలి కొలిచి కాగితం మీద రాసుకుని తీసుకెళితే, ఆ కుర్చీ కోసం మూడు గంటలు ఎదురుచూడనక్కరలేదు.